మూడు వందల పదిహేడు

పడవ కదిలింది, ఇక దిగడానికి వీల్లేదు అనుకున్నాడు క్లారీ. గట్టుకీ పడవకీ మధ్య ముందు జానెడు, తర్వాత బారెడు, ఆ తర్వాత దూకలేనంత నల్లటి నీళ్ళు వచ్చేశాయి. డెబ్భై తొమ్మిదేళ్ళవాడు దూకేదేమిటి గానీ, దూకితే బాగుండునన్న ఆలోచన మాత్రం వచ్చిన మాట నిజం. సరస్సు చుట్టూ తిరిగి మళ్ళీ ఈ రేవుకే రావడానికి సరిగ్గా గంట పడుతుందని డోరీన్ బస్సులోనే మూడుసార్లు చెప్పింది. చెవులు వినపడనివాళ్ళు ముగ్గురున్నారు కాబట్టి మనిషికొకసారి. బుధవారం సంఘానికి డోరీనే పెద్ద దిక్కు. చర్చి హాల్లో వారం వారం టీ కాచేదీ, పేకముక్కలు పంచేదీ, ఏడాదికోసారి ఊళ్ళో ముసలివాళ్ళందర్నీ బస్సెక్కించి తిప్పుకొచ్చేదీ ఆవిడే. ఎక్కేటప్పుడొకసారి దిగేటప్పుడొకసారి తలలు లెక్కపెడుతుంది. ఈసారి పద్నాలుగు తలలు. "నువ్వక్కడ కూర్చో క్లారీ, హెన్నీకి తోడుగా. వచ్చే వారం బ్రిస్బేన్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది పాపం, మళ్ళీ చూస్తామో లేదో," అంటూ అతని భుజం మీద చెయ్యి వేసి బెంచీ మీద కూలేసింది. పడవలో ఇంకో పన్నెండు మందుండగా తననే కూర్చోబెట్టింది. డోరీన్‌కి ఏమీ తెలీదు. తెలియకుండానే మనుషులు ఎంత పని చేస్తారు అనుకున్నాడు.

పక్కన హెన్నీ టెర్ప్‌స్ట్రా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని నీళ్ళకేసి చూస్తోంది. సన్నటి మనిషి, బూడిదరంగు స్వెట్టరు, మెడ దాకా బొత్తాలు. నలభై అయిదేళ్ళుగా ఒకే ఊళ్ళో ఉంటూ ఇద్దరూ ఒకరినొకరు మీరు అనే అనుకుంటారు, అందరూ అందర్నీ నువ్వు అనుకునే ఊళ్ళో. ఆవిడ సంచీలోంచి రేకు డబ్బీ తీసి, మూత తెరిచి, పిప్పరమెంటు బిళ్ళలు అతని వైపు జరిపింది. "తీసుకోండి," అంది. తీసుకున్నాడు. బిళ్ళ నోట్లో వేసుకుంటే మాట్లాడక్కర్లేదు కదా, కాసేపు. పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దంలో తన మొహానికి తనే మాటిచ్చాడు, ఇవాళ చెప్పేస్తానని. బస్సులో చెప్పలేకపోయాడు, వెనక సీట్లో రాన్ బక్లీ కూర్చుని ప్రతి మలుపులోనూ ఆ పొలం ఎవరిది, ఇప్పుడెవరు కొన్నారు అని అరుస్తున్నాడు. రేవు దగ్గర స్కోన్ రొట్టెలు తింటున్నప్పుడు చెప్పలేకపోయాడు, ఆవిడ పళ్ళెంలో జామ్, మీగడ, ఆవిడ నెమ్మదిగా కత్తితో రాసుకుంటుంటే ఆ పని చెడగొట్టబుద్ధి కాలేదు. ఇక మిగిలింది ఈ గంట. వచ్చే బుధవారానికి ఆవిడ ఉండదు, ఆవిడ భర్త పోయి అప్పుడే ఆరేళ్ళయింది, ఈ గంట కూడా పోతే ఆ మాట తనతో పాటే మట్టిలోకి పోతుంది. చెప్పాలి. బిళ్ళ కరిగాక చెబుతాను అనుకున్నాడు.

వాన కాదు, మంచు కాదు, పీఠభూమి మీద ఎప్పుడూ ఉండే ఆ తుంపర. పడవ కప్పు మీద చప్పుడు కూడా చెయ్యదు, ఊరికే తడిపేస్తుంది. నలభై మూడేళ్ళ కిందటి ఆ రోజు మాత్రం అసలైన వాన. ఫిబ్రవరి వాన, వారం రోజులుగా తెరిపి లేకుండా కురుస్తున్నది, రోడ్డు పక్కన ఎర్రమట్టి రక్తంలా కారుతోంది. తెల్లవారుజాము పాలు పితికే పని అయింది, మళ్ళీ మూడింటికి పితకాలి, మధ్యలో దొరికిన నాలుగ్గంటలూ వాళ్ళవి, తనవీ అన్న లెన్‌వీ. ముందు రోజు కొండ దిగి నది దాకా పోయి పట్టుకొచ్చిన నల్లచేపలు, చేయంత పొడవున్నవి, నాలుగు పాల క్యాన్లలో పికప్ బండి వెనకాల గుద్దుకుంటున్నాయి. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది, లోపల్నుంచి క్యాను గోడకి చేప తల కొట్టుకునే చప్పుడు, డబ్, డబ్, మళ్ళీ డబ్. ట్యాంకర్ లారీలు ఇంటికే వచ్చి పాలు తీసుకుపోవడం మొదలయ్యాక క్యాన్లన్నీ కొట్టంలో మూలపడ్డాయి, ఏదో పనికొచ్చాయి కదా అని లెన్ నవ్వాడు. తనూ నవ్వాడు. ఎంత సంతోషంగా ఉన్నారో ఆ రోజు! తడిసి ముద్దయిపోయి, స్కూలు పిల్లల్లా, ఒక్కో క్యాను ఇద్దరూ చెరో చెవీ పట్టుకుని బురదగట్టు దిగి, వంచి, ఆ చేపలు నీళ్ళలోకి జారి ఒక్క క్షణం నిలబడి, తోక విదిల్చి వెళ్ళిపోతుంటే చూసి, "పోండి, పోయి పిల్లాజెల్లాతో వర్ధిల్లండి," అన్నాడు లెన్, పాస్టర్ గారిలా చెయ్యెత్తి.

చెడ్డపని చేస్తున్నామన్న ఊహే లేదు. అది ఎవరికి చెప్పినా నమ్మరు. ఇంత పెద్ద సరస్సు, అరవై మీటర్ల పైచిలుకు లోతు, ఇన్ని నీళ్ళు, అందులో ఏమున్నాయంటే వేలెడేసి చేపలు, నీలంగా మెరుస్తూ, ఎర్ర రెక్కలతో, గాలానికి చిక్కవు, చిక్కినా పిల్లి కూడా తినదు. ఇంత జాగా ఊరికే పడి ఉందే అనిపించింది, అంతే. ఊరికే పడి ఉన్నదాన్ని చూస్తే వాళ్ళ ఇంటావంటా ఎవరికీ కాలు నిలవదు. తాత వచ్చినప్పుడు ఇక్కడంతా అడవి, పట్టపగలు దీపం కావాల్సినంత అడవి. గొడ్డలి పట్టుకుని దిగాడు. నాన్న మిగతాది నరికాడు. నరికి, తగలబెట్టి, గడ్డి చల్లి, ఆవుల్ని తోలి, ఆదివారం నాడు వరండాలో కూర్చుని ఆ పచ్చటి ఖాళీని చూసి, "బాగుచేశాం," అనేవాడు. ఆ మాటే అనేవాడు. బాగుచెయ్యడం. ఆ రోజు వానలో ఖాళీ క్యాన్లు చూసుకుంటూ తనూ అదే అనుకున్నాడు, సరస్సుని బాగుచేశాం అని. నాన్న ఉంటే మెచ్చుకునేవాడు కూడా.

"ఎడమ పక్కన చూడండి, ఆ కొమ్మ మీద," అంటోంది మైకులో లొరెల్. పడవ నడిపేదీ మాటలు చెప్పేదీ ఆమే. యాభై దాటిన మనిషి, ఆమె నాయనమ్మ తరఫువాళ్ళు ఈ గట్టు మీదే పుట్టిపెరిగారు, క్లారీ తాత గొడ్డలి పట్టుకుని దిగక ముందు. కొమ్మ మీద కొండచిలువ చుట్ట చుట్టుకుని ఉంది, తుంపరని లెక్కచెయ్యకుండా. పడవ ఒక పక్కకి ఒరిగింది, అందరూ అటే లేచారు. "మా అత్తగారు కూడా భోజనమయ్యాక అచ్చం అలాగే పడుకునేది," అన్నాడు రాన్ బక్లీ, ఎనభై నాలుగేళ్ళవాడు, తనకి వినపడదు కాబట్టి ఎవరికీ వినపడదనుకుని అరుస్తాడు. అందరూ నవ్వారు. "కూర్చో రాన్, పడవ బోల్తా కొట్టిస్తావు, నాకు తలలు లెక్క తప్పుతాయి," అంది డోరీన్. హెన్నీ నవ్వలేదు, పామునీ చూడలేదు. అటు గట్టు కింద, చెట్ల వేళ్ళు నీళ్ళలోకి దిగిన చోటు చూస్తోంది. ఆ చోటు క్లారీకి తెలుసు. చూడకుండానే తెలుసు. పడవ అక్కడికి వస్తోందని వెన్ను చెప్పేసింది.

నాలుగో క్యాను అక్కడే జారింది. చేపలు కుమ్మరించేశారు, మూత బిగించేశారు, గట్టెక్కుతుంటే లెన్ కాలు బురదలో జారి క్యాను వదిలేశాడు, అది దొర్లి, వేళ్ళ మీద ఎగిరి, నీళ్ళలో పడింది. వాన మొహాన కొడుతుంటే కళ్ళు చిట్లించుకుని చూశారు, కనపడలేదు. మునిగిపోయింది అన్నాడు లెన్. పాలు పితికే వేళవుతోంది, పద అన్నాడు. ఇంటికొచ్చాక గానీ తనకి తట్టలేదు. క్యాను మెడ మీద ఇత్తడి బిళ్ళ ఉంటుంది, దాని మీద నంబరు అచ్చు గుద్ది ఉంటుంది, పొట్ట మీద ఎర్రరంగుతో అదే నంబరు మళ్ళీ రాసి ఉంటుంది. మూడు వందల పదిహేడు. వెన్న ఫ్యాక్టరీలో ప్రతి పొలానికీ ఒక నంబరు, ఊళ్ళో సగం మందికి మనిషి పేరు తెలీకపోయినా నంబరు తెలుసు. "ఏం మూడు వందల పదిహేడూ, ఇవాళ పాలు పలచగా ఉన్నాయే, వానలో పితికావా?" అని ఫ్యాక్టరీ మెట్ల మీదే ఆట పట్టించేవాళ్ళు. నాన్న పోయినప్పుడు ఫ్యాక్టరీవాళ్ళు పంపిన పూలగుత్తి మీద కూడా నంబరే ఉంది, పేరు లేదు. ఆ నంబరు ఇప్పుడు సరస్సు అడుగున ఉంది. నలభై మూడేళ్ళుగా ఈ నీళ్ళని ఎప్పుడు తలుచుకున్నా అతనికి కనపడేది ఒకటే, అరవై మీటర్ల కింద, వెలుతురు చేరని చోట, వెల్లకిలా పడుకుని, ఎర్రటి అంకెలతో పైకి చూస్తున్న క్యాను. ఇప్పుడు పడవ దాని మీదుగా పోతోంది. కాళ్ళు బెంచీ కిందకి ముడుచుకున్నాడు. ముడుచుకుని, తన మీద తనకే అసహ్యం వేసింది.

బిళ్ళ కరిగిపోయింది. చెప్పు. హెన్నీ గారూ, అని మొదలుపెట్టు. ఆ తర్వాత? హెన్నీ గారూ, మీ ఆయన గురించి ఒక మాట. కాదు, చేపల గురించి. కాదు, మొదట ఆ సాయంత్రం గురించి చెప్పాలి, చేపలు పొయ్యడం తెలియక చేసింది, ఆ సాయంత్రం అన్న మాట తెలిసి అన్నది. తెలియక చేసినదానికి రాత్రి నిద్ర పడుతుంది. రెండోదానికే పట్టనిది. "చలిగా ఉందా?" అంది హెన్నీ. అతను ఇంకా కాళ్ళు ముడుచుకునే ఉన్నాడు కాబోలు. "లేదండీ, వయసు," అన్నాడు, నీళ్ళు నమిలాడు. ఆవిడ తల ఊపింది.

నల్లచేపలు నిజంగానే వర్ధిల్లాయి. రెండేళ్ళకల్లా జనం గాలాలు తెచ్చుకుని గట్టు మీద కూర్చునేవాళ్ళు, తనూ లెన్ ఒకరి మొహం ఒకరు చూసుకుని లోలోపల మురిసిపోయేవాళ్ళు. వేలెడు చేపల సంగతి ఎవరికీ పట్టలేదు, ఒక్క మాస్టారికి తప్ప. హెన్నీ భర్త. చలిదేశం నుంచి వచ్చిన పొడుగాటి మనిషి, మోకాళ్ళ దాకా మేజోళ్ళు, ప్రతి శనివారం స్కూలు పిల్లలతో సరస్సుకొచ్చి, చేతి వలతో చేపల్ని పట్టి, లెక్కపెట్టి, పుస్తకంలో రాసుకుని, మళ్ళీ నీళ్ళలోనే వదిలేసేవాడు. తిరిగి వదిలెయ్యడానికి పట్టడం దేనికో ఊళ్ళో ఎవరికీ అర్థం కాలేదు. ఇంట్లో కారు షెడ్డు నిండా గాజు తొట్లు పెట్టుకుని ఆ వేలెడు చేపల్ని పెంచేవాడు, కారు బయట వానలో ఉండేది. అయిదో ఏటో ఆరో ఏటో, వలలో ఒక్కటీ పడలేదట. మర్నాటి పేపర్లో ఉత్తరం రాశాడు. క్లారీకి ఆ ఉత్తరం కంఠతా వచ్చు. 'సరస్సులో ఎవరో నది చేపల్ని వదిలారు. అవి మన చేపల్ని తినేశాయి. ఎవరు చేశారని నేను అడగను. ఇకముందు ఎవరూ చెయ్యవద్దని మాత్రం వేడుకుంటున్నాను.' వంటింట్లో నిలబడి చదువుతుంటే అరచేతుల చెమటకి పేపరు అచ్చు వేళ్ళకి అంటుకుంది. ఎవరు చేశారని అడగను. హమ్మయ్య, ఈయనకి తెలీదు అనుకున్నాడు.

ఆ సాయంత్రం పబ్బులో ఆ ఉత్తరమే మాట. ఎవరై ఉంటారోయ్ అని రాన్ బక్లీ బల్ల మీద గ్లాసు కొట్టి అడుగుతున్నాడు. లెన్ గ్లాసులోకి చూస్తున్నాడు. ఒక్కొక్కరి మొహమే చూసుకుంటూ వస్తున్నాయి రాన్ కళ్ళు, తన దాకా వస్తున్నాయి, ఇంకో ఇద్దరు, ఇంకొకరు. అప్పుడు తను అన్నాడు. "ఇంకెవరు, తొట్టి మాస్టారే! తొట్లు నిండిపోయి పట్టకపోతే తెచ్చి సరస్సులో పోసి ఉంటాడు. ఇప్పుడు పేపర్లో ఏడుస్తున్నాడు." పబ్బు పబ్బంతా గొల్లుమంది. ఎంత సులువుగా వచ్చింది ఆ మాట, ఎక్కడి నుంచి వచ్చింది, ముందెన్నడూ హాస్యానికి పేరులేని మనిషి తను. అందరూ వీపు చరిచారు. రెండ్రోజుల్లో ఊరంతా తొట్టి మాస్టారు. వారంలో స్కూల్లో నల్లబల్ల మీద తొట్టి బొమ్మ. అందులో కళ్ళజోడు పెట్టుకున్న చేప. తర్వాత యూనివర్సిటీ నుంచి మనుషులొచ్చి, లోకంలో ఇంకెక్కడా లేవు, మీ దగ్గరే మిగిలాయి అని ఆయన తొట్లలో చేపల్ని జాగ్రత్తగా పట్టుకుపోతే, చూశారా, ఉన్నవన్నీ దోచి ఇంట్లో దాచుకున్నాడన్నమాట అన్నారు. పోసినవాడూ ఆయనే, దోచినవాడూ ఆయనే. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని అడిగినవాడు లేడు. హెడ్మాస్టరు పోస్టు ఖాళీ అయితే ఆయన్ని కాదని ఎక్కడినుంచో కుర్రవాణ్ణి తెచ్చి వేశారు. ఒక రాత్రి భోజనాల దగ్గర క్లారీ చిన్నకొడుకు మాటవరసకి చెప్పాడు, తొట్టి మాస్టారి కూతురు రోజూ ఒక్కతే కూర్చుని అన్నం తింటుంది నాన్నా, పక్కన ఎవరూ కూర్చోరు అని. ఫోర్కు కింద పెట్టేశాడు. "ఏమయింది?" అంది భార్య ఐరిస్. ఉప్పెక్కువైంది అన్నాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఆ రాత్రే కోటు వేసుకుని వెళ్ళి ఉండాల్సింది. నాలుగు కిలోమీటర్లు. ఎన్నిసార్లు వేసుకున్నాడో ఆ కోటు, ఎన్నిసార్లు గేటు దాకా పోయి వచ్చాడో.

వెళ్ళలేదు. అసలు ఆ దారే మానేశాడు. ఫ్యాక్టరీకి, చర్చికి, బ్యాంకుకి, దేనికి పోవాలన్నా మాస్టారి ఇంటి ముందు నుంచే దగ్గర దారి. అతను మాత్రం వంతెన మీదుగా చుట్టు తిరిగి పోయేవాడు. ఆ దారిలో గుంతలెక్కువ, టైర్లు పోతాయి అనేవాడు. గుంతలు పూడ్చి తారు వేశాక, ఎదురెండ కళ్ళలో కొడుతుంది అనేవాడు. "పొద్దున్నా సాయంత్రమూ రెండు పూటలా ఎదురెండేనా నీకు?" అని ఐరిస్ వేళాకోళమాడేది. వేళాకోళమే. ఏమైనా పసిగట్టిందో లేదో ఎప్పుడూ అడగలేదు. నాలుగేళ్ళ కిందట, ఐరిస్‌ని ఆసుపత్రికి ఆఖరిసారి తీసుకెళ్తూ, అంబులెన్సువాడు దగ్గర దారి పట్టబోతే తనే వద్దు వంతెన దారిన పోనివ్వు అన్నాడు. ఆ స్థితిలో కూడా. ఐరిస్ కళ్ళు తెరిచి అతన్ని చూసి, మళ్ళీ మూసుకుంది. ఆ చూపు ఇప్పుడు గుర్తొచ్చింది. మాస్టారు పోయినప్పుడు మాత్రం చర్చికి వెళ్ళాడు, వెనక వరసలో నిలబడ్డాడు. హెన్నీ చెయ్యి పట్టుకుంటే ఆవిడ, "వచ్చారా," అంది. అంతే. ఎంతో కాలంగా ఎదురుచూస్తున్నవాళ్ళు అన్నట్టు అంది, లేకపోతే తన భ్రమో.

ఇంజను చప్పుడు ఆగిపోయింది. సరస్సు మధ్యకొచ్చారు. చుట్టూ అడవి గోడ కట్టినట్టు గుండ్రంగా ఉంది, నరకడానికి వీల్లేదని సర్కారు కంచె వేసిన ఒక్క చుట్టు, దాని వెనకాలే నాన్న పచ్చగడ్డి మొదలవుతుందని ఇక్కడినుంచి తెలీదు. ఒకప్పుడు ఇక్కడ భూమి పగిలి నిప్పు కక్కింది, తర్వాత వాన నింపింది. ఏ ఏరూ ఇందులో కలవదు, ఏ ఏరూ ఇందులోంచి పోదు. బయటినుంచి ఏదీ తనంతట తాను రాలేదు, మనిషి మోసుకొస్తే తప్ప. లొరెల్ మైకు తీసుకుంది. రోజూ చెప్పే మాటలే అయినా నెమ్మదిగా చెబుతోంది. "ఇక్కడొక చిన్న చేప ఉండేది. మా నాయనమ్మ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటే వేళ్ళు కొరికేవట. ఇప్పుడు లేవు. ఎవరో పెద్ద చేపల్ని తెచ్చి పోశారు. ఎంత తీసుకోవాలో, ఏది తీసుకోకూడదో మా పెద్దవాళ్ళు చెప్పారు గానీ, ఏది తేకూడదో చెప్పలేదు. ఎవరైనా తెస్తారని వాళ్ళకి తోచలేదు." ఎవరో నిట్టూర్చారు. "ఎవరమ్మా తెచ్చింది?" అని ముందు వరసలోంచి ఎవరో అడిగారు. "తెలీదు," అంది లొరెల్.

"ఎందుకు తెలీదూ!" అని అరిచాడు రాన్ బక్లీ. "తొట్టి మాస్టారు కదూ! ఊరందరికీ తెలుసు. అబ్బ, ఆయన అసలు పేరేమిటి? ఏదో నోరు తిరగని పేరు. డోరీన్, ఏమిటాయన పేరు?"

డోరీన్ మొహం పాలిపోయింది. చేత్తో ఊరుకో ఊరుకో అంటోంది. రాన్ వెనక్కి తిరిగి హెన్నీని చూశాడు, చూసి, నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. పడవ పక్కన నీళ్ళు తపతప కొట్టుకుంటున్నాయి, డబ్, డబ్, మళ్ళీ డబ్. హెన్నీ రేకు డబ్బీ మూత నొక్కి, సంచీలో పెట్టి, సంచీ జిప్పు లాగింది. మొహంలో ఏమీ లేదు. ఇది ఆవిడకి కొత్త కాదని ఆ జిప్పు లాగడంలోనే తెలిసిపోయింది. దాదాపు నలభై ఏళ్ళు ప్రతి కొట్టులో, ప్రతి పెళ్ళిలో, ఆవిడ ఇలాగే సంచీ జిప్పు లాగుకుందన్నమాట. తను అన్న ఒక్క మాటకి. క్లారీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను పోశాను," అన్నాడు, ఆవిడకి మాత్రమే వినపడేలా. "ఆ చేపల్ని. మా అన్నా నేనూ. ఆ పేరు పెట్టిందీ నేనే."

"తెలుసు," అంది హెన్నీ.

అతను తల తిప్పి చూశాడు. ఆవిడ నీళ్ళకేసే చూస్తోంది.

"మీ క్యాను తేలుకుంటూ అటు గట్టుకి కొట్టుకొచ్చింది. మూత బిగించి ఉంది కదా, మునగలేదు. వానల్లోనే దొరికింది డౌవేకి. లోపల మిగిలిపోయిన రెండు చేపలు చచ్చి ఉన్నాయి." డౌవే అంది. ఆ పేరు తను ఒక్కసారి కూడా నోటితో అనలేదని క్లారీకి అప్పుడు తెలిసింది. "మూడు వందల పదిహేడు ఎవరిదని ఫ్యాక్టరీలో అడగనక్కర్లేదు కదా."

"మరి ఎందుకు చెప్పలేదు? అంత జరుగుతుంటే, మీ అమ్మాయి…"

"నేను చెప్పమన్నాను. ఏడ్చాను కూడా. ఆయనే వద్దన్నాడు. మనకి ఒక్క పిల్ల, వాళ్ళకి ముగ్గురు, ఈ ఊరు ఊరుకోదు, ఆవుల్ని అమ్ముకుని పోవాల్సొస్తుంది అన్నాడు. అతనే వస్తాడు, రైతు తన క్యాను ఎక్కడా వదిలెయ్యడు అన్నాడు." హెన్నీ మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "అప్పటిదాకా షెడ్డులో ఉన్న క్యానుని అప్పుడే తెచ్చి ముందు వరండాలో, మెట్ల పక్కన పెట్టాడు. నంబరు రోడ్డుకి కనపడేలా. ఎర్రరంగు వెలిసిపోతే మళ్ళీ వేసేవాడు. మీరు బండిలో పోతూ చూస్తారని, చూస్తే ఆగుతారని. ఇప్పటికీ అక్కడే ఉంది. మీరు ఆ దారిన ఒక్కసారైనా రాలేదు."

క్యాను అరవై మీటర్ల అడుగున లేదు. ఎన్నడూ లేదు. రోడ్డు పక్కన, ఎండలో, ఎర్రటి అంకెలతో, రా అంటూ కూర్చుని ఉంది ఇన్నాళ్ళూ. ఎవరు చేశారని నేను అడగను అని ఆయన రాసింది ఊరికి కాదు, తనకి. గుంతలన్నాడు, ఎదురెండ అన్నాడు. ఐరిస్‌ని కూడా అటు తీసుకెళ్ళనివ్వలేదు. నాలుగు కిలోమీటర్లు. ఒక్క పూట, ఒక్కసారి బద్ధకించి దగ్గర దారిన పోయి ఉంటే, ఆ మెట్ల పక్కన బండి ఆపి ఉంటే, పొడుగాటి మనిషి లోపల్నుంచి వచ్చి ఉండేవాడు, ఇద్దరూ టీ తాగి ఉండేవాళ్ళు, ఆ పిల్ల పక్కన ఎవరైనా కూర్చుని అన్నం తిని ఉండేవాళ్ళు. "క్షమించండి," అన్నాడు. ఆ మాట ఎంత చిన్నదో అన్నాక తెలిసింది.

"నాకు చెప్పడం దేనికండీ," అంది హెన్నీ, కోపం లేదు, అలసట ఉంది. "నాకెప్పుడూ తెలుసు. తెలియనిది వాళ్ళకి." గడ్డంతో ముందు వరసల వైపు చూపించింది, టోపీలు, శాలువాలు, రెండు చేతికర్రలు, ఇంకా తల దించుకునే ఉన్న రాన్ బక్లీ. "ఊరు వదిలి పోతున్నాను. ఆయన్ని ఇక్కడే వదిలి పోతున్నాను, ఆ పేరుతో."

లొరెల్ ఇంజను తాళం మీద చెయ్యి వేసింది. ఇంజను మోగితే ఇక ఎవరికీ ఏమీ వినపడదు, రేవు వచ్చేస్తుంది, డోరీన్ తలలు లెక్కపెడుతుంది. క్లారీ ముందు బెంచీ అంచు పట్టుకుని లేచాడు. "కూర్చో క్లారీ, పడతావు," అంది డోరీన్. అతను కూర్చోలేదు. మనుషుల భుజాలు పట్టుకుంటూ ఒక్కో వరసా దాటాడు, రాన్ భుజం కూడా పట్టుకున్నాడు. లొరెల్ ముందు నిలబడి చెయ్యి చాపాడు. ఆమె అతని మొహం చూసి, ఏమీ అడగకుండా మైకు ఇచ్చింది.

"వినపడుతోందా?" అన్నాడు. తన గొంతు నీళ్ళ మీదుగా పోయి అడవికి తగిలి తిరిగి వచ్చింది.

"వినపడుతోందోయ్," అన్నాడు రాన్, చెవి మిషను సర్దుకుంటూ. "ఎవరది?"

"మూడు వందల పదిహేడు," అన్నాడు క్లారీ.

పాత రైతులంతా తలెత్తారు. వెనక, హెన్నీ సంచీ మీద రెండు చేతులూ పెట్టుకుని అతనికేసే చూస్తోంది.

"ఈ నీళ్ళలో ఆ చేపల్ని పోసింది నేను. పబ్బులో ఆ పేరు పెట్టిందీ నేనే. నీకు గుర్తుండాలి రాన్, అందరికంటే ఎక్కువ నువ్వే నవ్వావు." ఊపిరి తీసుకున్నాడు. "ఆయన అసలు పేరు అడిగావు కదా. చెబుతాను, అందరూ వినండి. ఆయన పేరు డౌవే టెర్ప్‌స్ట్రా."